రాంచ్ గుర్రంతో రీనింగ్, పశువుల పోటీలకు దిగవచ్చా?

ప్రశ్న: టెక్సాస్‌లోని రాంచ్‌లో (పశువుల పెంపక క్షేత్రంలో) మేము రోజువారీ పశువుల పనికి వాడుతున్న క్వార్టర్ హార్స్ జాతి గుర్రం, మందలోంచి దూడను విడదీయడంలో దిట్ట. దానిని వర్కింగ్ కౌ హార్స్ పోటీలకు (రీనింగ్‌తో పాటు పశువును అదుపు చేయడం కూడా ఉండేవి) తీసుకువెళ్లాలని ఉంది గానీ, రీనింగ్‌లో, అంటే వలయాలు, చుట్లు, జారి ఆగడం వంటి విన్యాసాలను నిర్ణీత క్రమంలో చేయించడంలో, వెనుకబడతామేమోనన్న సందేహం ఉంది. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

జవాబు 1: రీనింగ్‌లో లెక్క 70 మార్కుల దగ్గర మొదలవుతుంది, ఒక్కొక్క విన్యాసానికి ఒకటిన్నర మార్కు వరకు కలుపుతారు లేదా తీసివేస్తారు, తప్పులకు కోత వేరు. కనుక మెరుపులు లేకపోయినా, వలయాలు సమంగా తిరిగి, ఉన్నచోటే తిరిగే నాలుగు చుట్లంటే నాలుగింటి దగ్గరే నిలిచే గుర్రం 70కి చేరువలోనే ఉంటుంది. చుట్టు పావు వంతుకు మించి ఎక్కువైతే మాత్రం మొత్తం సున్నాయే.

జవాబు 2: నిజమే, కానీ అసలు కష్టం పశువు దగ్గర ఉంటుంది. ముందుగా దానిని మైదానం చివర నిలువరించి అదుపు చూపాలి (దీన్నే బాక్సింగ్ అంటారు). తర్వాత కంచె వెంట దూసుకుపోయేదానిని దాటివెళ్లి రెండు వైపులకూ మళ్లించి, చివరకు నడిమైదానంలో ఇరుదిక్కులా చుట్టు తిప్పాలి. రాంచ్ గుర్రానికి పశువును బెదరగొట్టకుండా నెమ్మదిగా తోలడమే అలవాటు (పరుగెత్తిస్తే తూకం తగ్గుతుంది, యజమాని ఊరుకోడు). కంచె దగ్గరి వేగం దానికి కొత్త, పైగా ప్రమాదకరం. మొదట బాక్సింగ్ మాత్రమే ఉండే తరగతుల్లో పాల్గొనండి.

జవాబు 3: నాడాల సంగతి కూడా చూసుకోండి. జారి ఆగడానికి వెనుక కాళ్లకు వేసే వెడల్పాటి నునుపు నాడాలతో తడి గడ్డిపై పట్టు దొరకదు. పోటీల కాలంలో ఆ గుర్రాన్ని పచ్చిక బయళ్ల పనికి తీసుకువెళ్లకపోవడం మంచిది.