‘టై ది నాట్’ అంటే ఎన్ని ముళ్లు సార్? పిల్లలకేం చెప్పను?

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెబుతుంటాను. ఈ వారం పెళ్లి మాటల దగ్గర ఇరుక్కుపోయాను.

‘టై ది నాట్’ అంటే పెళ్లి చేసుకోవడం అని చెప్పగానే ఒక తెలుగు పిల్ల, “మూడు ముళ్లు కదా సార్, ఒక్కటే అంటారేం?” అంది. పక్కనున్న ఒడియా కుర్రాడు, “మా హాతగంఠిలో చేతులకే ముడి వేస్తారు” అన్నాడు. క్లాసంతా నవ్వులు! ఇంతకీ ఈ మాట శుభలేఖలో రాయొచ్చా, కబుర్లకే పరిమితమా? పెళ్లి చేసుకోవడానికే వాడే ‘గెట్ హిచ్డ్’ మాత్రం సరదా మాటే అని నాకు తెలుసు.

‘మ్యారీడ్ విత్’ అని రాయడం ఎలా మాన్పించాలో కూడా చెప్పండి. ‘మ్యారీడ్ టు’ అనాలని వందసార్లు చెప్పాను. తెలుగులో ‘అతనితో పెళ్లయింది’ అంటాం, ఒడియాలోనూ అంతే. పిల్లల తప్పేముంది?

అసలు టెన్షన్ విడాకుల దగ్గర. 1955 హిందూ వివాహ చట్టంలో జ్యుడీషియల్ సెపరేషన్ వేరు, డివోర్స్ వేరు. మొదటిదాంట్లో విడిగా ఉన్నా పెళ్లి చట్టప్రకారం నిలిచే ఉంటుంది, మళ్లీ పెళ్లి కుదరదు. మరి ‘సెపరేటెడ్’ని ఒక్క ముక్కలో తెలుగులో ఏమనాలి? ‘విడిపోయారు’ అంటే పిల్లలు విడాకులే అనుకుంటున్నారు. ‘అనల్‌మెంట్’కి (అంటే పెళ్లే చెల్లదని కోర్టు తేల్చడం) ‘వివాహ రద్దు’ అన్నా అదే గొడవ.

మీరైతే ఎలా చెబుతారు?