అప్‌డేట్: అక్కను చివరికి ఎక్కడ చేర్పించామంటే

మద్యం మానేసి మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటున్న మా అక్కకు (54 ఏళ్లు), అలాంటివాళ్లు ఉద్యోగంలో చేరడానికి సాయపడే రెండు కార్యక్రమాల్లో ఏది మంచిదని ఇదివరకు ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్టే రెండు చోట్లా ఒకే ప్రశ్న వేశాను: "చేరినవాళ్లలో 6 నెలల తర్వాత ఎంతమంది ఉద్యోగంలో ఉన్నారు?" మొదటి చోట కోర్సు పూర్తిచేసినవాళ్ల లెక్కే చెప్పారు. మధ్యలో మానేసినవాళ్లు అందులో లేరు. అసలు సాయం కావలసింది వాళ్లకే కదా! రెండో చోట మేడమ్ పేర్ల మీద కాగితం అడ్డుపెట్టి రిజిస్టర్ చూపించారు. మానేసినవాళ్ల వరుసలూ ఉన్నాయి, ఎప్పుడెప్పుడు ఫోన్ చేశారో తేదీలతో సహా. అక్కడే చేర్పించాం.

మళ్లీ తాగితే పేరు తీసేయరట. ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే బృందం) మీటింగులకు వెళ్తూనే, డాక్టరు రాసిన నాల్ట్రెక్సోన్ (తాగాలనే కోరికను తగ్గించే ఔషధం) కూడా వాడుకోవచ్చన్నారు. అలాంటి ఔషధాలే వద్దనే చోట మాత్రం జాగ్రత్త.

రెజ్యూమెలో 4 ఏళ్ల ఖాళీ గురించి అక్కకు చాలా టెన్షన్. "ఆరోగ్యం బాగోక ఆగాను, ఇప్పుడు పని చేయగలను" అని పదిసార్లు చెప్పించారు. పదోసారికి గొంతు వణకలేదు. ఉద్యోగం ఇంకా రాలేదు. సోమవారం రెండో ఇంటర్వ్యూ ఉంది.