అపార్ ఐడీ ఫారం మీద సంతకం పెట్టాలా వద్దా? చదువు రికార్డులన్నీ ఒకే నంబర్ కింద ఉండటం మంచిదేనా?

వేపచెట్టు
మా పాప ఏడో క్లాసు. స్కూల్ గ్రూపులో అపార్ కన్సెంట్ ఫారం పెట్టారు, గురువారం లోపు సంతకం చేసి పంపకపోతే పరీక్ష ఫీజు కట్టించుకోం అని కింద వాయిస్ మెసేజ్. ఫారం మొత్తం కూర్చుని చదివా. అపార్ అంటే ప్రతి విద్యార్థికీ కేంద్రం ఇచ్చే ఐడీ. 12 అంకెల నంబర్ ఇస్తారు, ఆధార్‌తో లింకు ఉంటుంది, మార్కులు మెమోలు సర్టిఫికెట్లు అన్నీ డిజిలాకర్‌లో, అంటే సర్టిఫికెట్లు దాచుకునే సర్కారు యాప్‌లో, దానికిందకి చేరతాయి. కన్సెంట్ ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చట, కానీ అప్పటిదాకా వాడేసిన డేటాకి అది వర్తించదట. కేంద్రమేమో ఇది స్వచ్ఛందం అంటోంది, స్కూల్ తప్పనిసరి అంటోంది. నాకు నంబర్ మీద కోపం లేదు. దాని వెనకున్నది ఎవరెవరు తెరిచి చూస్తారో ఎవరూ చెప్పట్లేదు, అదే నా భయం.

పాత బీటెక్
పెట్టేయండి మేడమ్. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని మా కాలేజీ నా ఒరిజినల్స్ పట్టుకుని కూర్చుంది, ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని రెండు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగా, మా నాన్న అప్పు చేసి కట్టాక గానీ ఇవ్వలేదు. డిజిలాకర్‌లో జారీ అయిన సర్టిఫికెట్‌కి ఒరిజినల్‌తో సమానమైన విలువ అని 2017 లోనే రూల్ వచ్చింది. అది నాకు అప్పుడు ఉండుంటే ఆ రెండు నెలలు నాకు మిగిలేవి. డిగ్రీ మధ్యలో ఆపేసిన వాళ్ళకీ మేలే, 2021 లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో, పాసైన సబ్జెక్టులకి సంపాదించిన క్రెడిట్లు ఏడేళ్ళ దాకా దాచుకుని వేరే కాలేజీలో చేరొచ్చు, పెళ్ళైందనో ఇంట్లో బాలేదనో చదువు ఆపేసిన ఆడపిల్లలు ఎంతమంది లేరు చెప్పండి.

డస్టర్ చాక్‌పీస్
సర్కారు బడి టీచర్ని. పై మాట నిజమే గానీ కింద ఏం జరుగుతుందో కూడా వినండి. యూడైస్ ప్లస్‌లో, అంటే బడి పిల్లల వివరాలు మేం ఎక్కించే కేంద్రం పోర్టల్‌లో, పిల్ల పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి, లేకపోతే అపార్ జనరేట్ కాదు. మన పేర్లు తెలుసుగా, అడ్మిషన్ రిజిస్టర్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో మొత్తం, ఒక పిల్లాడికైతే ఇంటిపేరు చివర్న వచ్చింది. నా క్లాసులో 38 మందిలో 11 మందికి ఇలా ఆగింది. దిద్దించాలంటే బర్త్ సర్టిఫికెట్ కావాలి, అది లేని ఇళ్ళు మా ఊళ్ళో బోలెడు, కూలి మానుకుని మండలానికి తిరగాలి. పైనుంచి రోజూ ఎంత శాతం అయింది అని ఫోన్లు, ఆ ఒత్తిడి మా మీద, మా నుంచి తల్లిదండ్రుల మీద. మేడమ్ గారికి వచ్చిన వాయిస్ మెసేజ్ అలా పుట్టిందే అనుకుంటా.

అర్ధరాత్రి చదువరి
ఇంగ్లండ్‌లో ఏమైందో చెప్తా. అక్కడ 10 అంకెల యూనిక్ లెర్నర్ నంబర్ ఉంది, దాని వెనక 2 కోట్ల 80 లక్షల మంది పిల్లల రికార్డులు. శిక్షణ సంస్థలు విద్యార్థి పాత క్వాలిఫికేషన్లు చూసుకోవాలని యాక్సెస్ ఇచ్చారు. అందులో ఒక కంపెనీ శిక్షణ మానేసి వేరే వ్యాపారంలోకి పోయినా యాక్సెస్ అలాగే ఉండిపోయింది, వాళ్ళు ఆ డేటాని జూదం కంపెనీలకి కస్టమర్ వయసు 18 దాటిందా అని చెక్ చేయడానికి వాడారు. 2020 జనవరిలో బయటపడింది, 2022 నవంబర్‌లో అక్కడి సమాచార కమిషనర్ విద్యాశాఖని మందలించారు. ఎవరూ హ్యాక్ చేయలేదండీ, తాళంచెవి చేతికిచ్చి తిరిగి అడగడం మర్చిపోయారు అంతే.

పాత బీటెక్
బ్రో అది వేరే పద్ధతి. డిజిలాకర్‌లో మనం ఒప్పుకుంటేనే, ఓటీపీ చెప్తేనే అవతలి వాడికి వెళ్తుంది.

అర్ధరాత్రి చదువరి
ఆ ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళ్తుంది? చాలామంది పిల్లల ఆధార్‌కి నాన్న పాత సిమ్మో, నెట్ సెంటర్ వాడు కొట్టిన నంబరో ఉంటుంది. ఇంకోటి, కాలేజీ అప్‌లోడ్ చేస్తేనే కదా మీ మెమో అక్కడ కనపడేది. ఒరిజినల్స్ ఇవ్వనివాడు అప్‌లోడ్ టైముకి చేస్తాడని నమ్మకమా?

పాత బీటెక్
అప్‌లోడ్ సంగతి ఒప్పుకుంటా. మెమో బోర్డో యూనివర్సిటీయో పెడుతుంది కాబట్టి దానికి కాలేజీతో పని లేదు, కానీ టీసీ మాత్రం వాళ్ళ చేతిలోనే ఉంటుంది. అయినా నంబర్ వద్దనుకుంటే నాలాంటి వాడికి ఉన్న ఆ ఒక్క దారీ పోతుంది, అది మాత్రం నేను ఒప్పుకోను.

వేపచెట్టు
మీ అందరివీ రెండుసార్లు చదివా. 2018 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు స్కూల్ అడ్మిషన్‌కి ఆధార్ తప్పనిసరి కాదంది, 2023 డేటా చట్టంలో 18 లోపు పిల్లల డేటాకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. పరీక్ష ఫీజు ఆపుతాం అని బెదిరించి తీసుకున్న సంతకాన్ని అనుమతి అని నేను ఎలా అనుకోవాలి? రేపు హెచ్ఎం గారికి లెటర్ ఇస్తున్నా: నేను సంతకం పెట్టకపోతే ఏ రూల్ ప్రకారం ఫీజు ఆపుతారు, పాప రికార్డు చూసే అధికారం ఎవరెవరికి ఉంది, ఎవరు చూశారో నాకు ఎక్కడ కనపడుతుంది. రాతపూర్వకంగా జవాబు వస్తే పెడతా. నంబర్ వల్ల పాపకి రేపు ఉపయోగం ఉంటుందని బీటెక్ బాబు మాటతో నాకూ అనిపిస్తోంది.

డస్టర్ చాక్‌పీస్
లెటర్ ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండమ్మా. ఫీజు ఆఖరు తేదీ లోపే ఇవ్వండి, తర్వాత ఇస్తే లేటు అయిందనే మాట మీదకొస్తుంది. సంతకం పెట్టినా పెట్టకపోయినా ఈలోగా పాప ఆధార్‌లో ఏ ఫోన్ నంబర్ ఉందో, ఇంటిపేరు స్కూల్ రిజిస్టర్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూసుకోండి. పదో తరగతి మెమోలో ఒకసారి తప్పు పడితే దిద్దించడం ఎంత కష్టమో మా దగ్గరికి వచ్చే పాత పిల్లల్ని చూస్తుంటే తెలుస్తుంది.