క్రిస్మస్ కార్యక్రమం పనులు: హాలు మారింది, అందరూ వెంటనే చూడండి

వేకువచుక్క (సోమవారం రాత్రి)
అందరికీ వందనాలు. స్టేజీ అలంకరణ, మైకులు, పిల్లల స్కిట్, కేరల్స్, పార్కింగ్ దగ్గర ఇద్దరు, 40 నిమిషాల సందేశం అని రాసుకున్న పట్టిక పక్కన పెట్టి ముందు ఇది చదవండి. హాలు వాళ్ల నుంచి మెయిల్ వచ్చింది. శనివారం పెద్ద హాలు ఇవ్వరట. అదే తేదీ వేరేవాళ్లకి కూడా ఇచ్చేశారట. కింద ఉన్న చిన్న గది తీసుకోమంటున్నారు, అదీ సాయంత్రం 6 నుంచి 7:15 వరకే. స్టేజీ లేదు, మైకు పెట్టకూడదు. ఫోన్ చేసి బతిమాలినా వినలేదు. రేపు రాత్రికల్లా సరేనని చెప్పకపోతే అది కూడా పోతుంది.

తంబుర
అక్కా, పిల్లలు ఎంత కష్టపడి ప్రాక్టీసు చేశారో మీకు తెలుసు. స్టేజీ లేకుండా స్కిట్ ఎక్కడ వేస్తారు? ఇంకో చోటు చూద్దాం.

ఒలీవకొమ్మ
ఈ సీజన్లో ఇంకెక్కడా దొరకదు, గది తీసుకోవాల్సిందే. టైమ్ సరిపోవాలంటే సందేశం తీసేద్దాం. వచ్చేవాళ్లలో చాలామంది మన ఆఫీసుల వాళ్లు, ఇరుగుపొరుగు. క్రైస్తవులు కారు. ప్రేమ, శాంతి, అందరం కలిసి ఉందాం అని రెండు ముక్కలు చెప్పి పాటలు పాడితే చాలు. ఎవరికీ ఇబ్బంది ఉండదు.

బేతనియ
అన్నా, మంచిగా ఉండండి అని ఎవరైనా చెప్తారు. దానికోసం వాళ్లని ఇంత దూరం పిలవక్కర్లేదు. దేవుడు మనకోసం ఏం చేశాడో చెప్పడానికి పిలిచాం. బైబిల్లో మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో దూత మరియ భర్త యోసేపుతో చెప్పింది అదే కదా, పుట్టబోయే బిడ్డ తన ప్రజల్ని వాళ్ల పాపాల నుంచి రక్షిస్తాడని. ఆ మాట తీసేస్తే మిగిలేది ఒక పుట్టినరోజు వేడుక.

ఒలీవకొమ్మ
పాపం అన్నామంటే మమ్మల్ని పిలిచి పాపులంటున్నారు అనుకుంటారు. వాళ్లని పిలిచింది నేను. సోమవారం ఆఫీసులో వాళ్ల ముఖం చూడాల్సిందీ నేనే. నీకేం, చెప్పేసి వెళ్లిపోతావు.

బేతనియ
ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. నేను ఇంక మాట్లాడను.

తంబుర
మీరిద్దరూ పోట్లాడుకోండి. పిల్లలకి ఏం చెప్పాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

వేకువచుక్క (మంగళవారం)
గదికి సరేనని చెప్పేశాను. ఇక ఉన్నదాంట్లో చూద్దాం.

అన్న చెప్పిన భయం ఉత్తది కాదు. వచ్చినవాళ్లని ఒకవైపు, మనల్ని ఇంకోవైపు నిలబెట్టి మాట్లాడితే ఎవరికైనా బాధే. అందుకే నాకు లూకా సువార్త 15వ అధ్యాయంలో యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథ తోస్తోంది. చిన్నవాడు తండ్రి బతికుండగానే ఆస్తిలో వాటా అడిగి తీసుకుని దూరదేశం వెళ్లి పోగొట్టుకుంటాడు. పెద్దవాడు ఇంట్లోనే ఉండి, తమ్ముడు తిరిగొచ్చాక చేసిన విందుకి లోపలికి రాకుండా, ఇన్నేళ్లు నీకు చాకిరీ చేశానని తండ్రికి లెక్క చెప్తాడు. ఇద్దరూ తండ్రికి దూరమైనవాళ్లే. పాపమంటే చెడ్డపనుల జాబితా ఒక్కటే కాదు, దేవుడు వద్దనుకుని బతకడం. చర్చికి వెళ్లేవాళ్లకీ అది ఉంటుంది, మనకీ ఉంది.

ఆ కథలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. చిన్నవాడు ఇంటికి తిరిగి బయల్దేరకముందే మాటలు సిద్ధం చేసుకుంటాడు: పాపం చేశాను, నీ కొడుకుననిపించుకునే అర్హత లేదు, నన్ను కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. తండ్రి దూరం నుంచే చూసి పరిగెత్తుకెళ్లి మెడ మీద పడి ముద్దు పెట్టుకుంటాడు. కొడుకు మొదలుపెడతాడు గానీ కూలివాడి మాట దాకా రాకముందే తండ్రి మంచి బట్టలు తెమ్మని కేకేస్తాడు. పని చేసి తీర్చుకునే అవకాశమే ఇవ్వలేదు. కృప అంటే ఏమిటో ఇంతకన్నా సులువుగా నేను చెప్పలేను.

తంబుర
ఇది పిల్లలు చదవగలరు. కానీ మా పెద్దది ఇప్పుడే అడిగింది: ఆ నాన్న ఊరికే క్షమించాడు కదా, మరి యేసు ఎందుకు చనిపోవాలి? నాకు గబుక్కున జవాబు రాలేదు. బేతనియా, నువ్వు చెప్పమ్మా.

బేతనియ
మంచి ప్రశ్న. ఎవరైనా మన దగ్గర అప్పు తీసుకుని ఎగ్గొడితే, పోనీలే అని వదిలేసినా ఆ డబ్బు పోయినట్టే. నష్టం వదిలేసినవాడు భరిస్తాడు. క్షమించడం ఎప్పుడూ అంతే. మన అప్పు దేవుడే తన మీద వేసుకున్నాడు, సిలువ మీద జరిగింది అది. కోపంగా ఉన్న దేవుడు ఎవరో మూడో మనిషిని పట్టుకుని శిక్షించాడని మాత్రం ఎవరూ చెప్పొద్దు. తండ్రైన దేవుడు పంపాడు, కుమారుడైన యేసు తనంతట తాను వచ్చాడు.

ఇంకొకటి, చావు దగ్గర ఆపకండి. తొలి క్రైస్తవ బోధకుడు పౌలు క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథు వాళ్లకి రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో అంతా నాలుగు ముక్కల్లో ఉంది: యేసు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి చేశారు, మూడో రోజున లేచాడు, కనిపించాడు. ఒకేసారి 500 మందికి పైగా చూశారనీ, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారనీ రాస్తాడు. వెళ్లి అడగండి అన్నట్టే కదా. పిలాతు క్రీ.శ. 26 నుంచి 36 వరకు యూదయకి రోమా అధిపతి. అతని కాలంలో క్రీస్తుకి మరణశిక్ష వేశారని రోమా చరిత్రకారుడు టాసిటస్ కూడా రాశాడు. ఇది ఎప్పుడో ఎక్కడో అని చెప్పుకునే కథ కాదు.

ఒలీవకొమ్మ (బుధవారం)
చెల్లీ, మొన్న కోపంలో అన్నది మనసులో పెట్టుకోకు. నువ్వు ఇలా చెప్తే నా స్నేహితుల పక్కన నేను ధైర్యంగా కూర్చుంటాను. కానీ ఒకతను తప్పకుండా అడుగుతాడు: నమ్మితే చాలంటే, తర్వాత ఇష్టమొచ్చినట్టు బతకొచ్చా?

బేతనియ
లేదు అన్నా, ఏమీ పెట్టుకోలేదు. ఆయనకి బైబిల్లో ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయంలో 8 నుంచి 10 వరకు వచనాలు చూపించండి. రక్షణ కృప వల్ల, విశ్వాసం ద్వారా. మన పనుల వల్ల కాదు. వెంటనే పదో వచనంలో, మంచి పనులు చేయడానికే మనల్ని సృష్టించాడని ఉంటుంది. మంచి పనులు దేవుడి దగ్గరకి రావడానికి కట్టే రుసుము కాదు. దగ్గరకి వచ్చినవాడిలో మొదలయ్యే మార్పు. ఇంటికి వచ్చిన ఆ చిన్నవాడు మళ్లీ దూరదేశం పోవాలనుకుంటాడా?

తంబుర
సరే, స్కిట్ లేదు. కుర్చీలు గుండ్రంగా వేద్దాం. ముగ్గురు పిల్లలు తండ్రి, చిన్నకొడుకు, పెద్దకొడుకు మాటలు చదువుతారు. పెద్దకొడుకు తలుపు దగ్గరే ఉంటాడు. తండ్రి బతిమాలాక లోపలికి వెళ్లాడో లేదో లూకా రాయలేదు కాబట్టి చదవడం అక్కడ ఆపేద్దాం. తర్వాత బేతనియ ఏడెనిమిది నిమిషాలు చెప్తుంది, మిగతా టైమ్ అంతా ప్రశ్నలకి. మైకు, కీబోర్డు లేకుండానే పాడదాం.

వేకువచుక్క
బాగుంది. లూకా 15 పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి తెస్తాను.

ఒలీవకొమ్మ
మావాళ్లలో ఇద్దరు 6:20కి గానీ రాలేరు. కథకి ముందు ఇంకో పాట పెట్టండి.