తెలుగొకండ: "ఒకండ"నా, "కండ"నా?

పద్యపిపాసి: శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని "తెలుగదేల యన్న" పద్యంలో ఒక అక్షరం గుర్తు రాక సతమతమవుతున్నాను. మూడో పాదం "యెల్ల నృపులు గొలువ నెఱుగవే బాసాడి" అని మొదలవుతుందా, "నెల్ల నృపులు" అనా? రెండో పాదం "తెలుగు వల్లభుండ దెలుగొకండ" చివర "తెలుగొకండ" అని కలిపి చదవడం నా అలవాటు. ఆగస్టు 29 సభ ఆహ్వానపత్రంలో "తెలుగొ కండ" అని విడగొట్టి వేశారు. ఏది సరి?

వలపలగిలక: "ఒకండ"నే. వల్లభుండ, ఒకండ, రెండూ ఉత్తమపురుషలే, జంటగా వచ్చాయి. నేను తెలుగు వల్లభుణ్ణి, నేనొక తెలుగువాణ్ణి అని భావం. అంటున్నవాడు రాయల కలలో కనిపించిన దేవుడు, కృష్ణా తీరంలోని శ్రీకాకుళం ఆంధ్రవిష్ణువు. రాయలు తెలుగువాడా, కన్నడిగుడా అని ఏటా జరిగే వాదంలో ఈ పాదాన్ని ఆయన సొంత మాటగా సాక్ష్యానికి తెస్తుంటారు. అది చూస్తే బాధ కలుగుతుంది. దీనికి ముందు పద్యంలోనే స్వామి "నేను దెలుంగు రాయడం, గన్నడ రాయ!" అని ఇద్దరినీ విడదీసి చెప్పాడు. ఇంత స్పష్టంగా ఉంటే మధ్యలో కలకండ ఎందుకు?

అరసున్న: పద్యపిపాసి గారూ, "యెల్ల" అనే ఉంది. తగవంతా ఆ యకారంలోనే ఉంది. వలపలగిలక గారు చూపిన "రాయడం గన్నడ"నే తీసుకోండి. రాయడన్ ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే మాట, కాబట్టి కన్నడ గన్నడ అయింది. "వల్లభుండ దెలుగొ" అన్నచోటా అంతే. "ఒకండ" కూడా ఉత్తమపురుషే అయితే దాని తర్వాత అచ్చు వచ్చినప్పుడు "ఒకండ నెల్ల" కావాలి. నకారం బదులు యకారం చేరి యడాగమం వచ్చిందంటే ముందున్నది కళ, అంటే ద్రుతం లేని మాట. కాబట్టి అది కండ, అంటే కండచక్కెర. "నెల్ల"కూ "నెఱుగవే"కూ యతి చక్కగా కుదిరేది. కాబట్టి యతి కోసం "యె" వేశాడని అనడానికీ లేదు.

ఆటవెలది: గణాలు కూడా అరసున్న గారి పక్షమే. దెలుగొ నగణం (మూడు లఘువులు), కండ గలం (గురువు, లఘువు). సరిగ్గా అక్కడే విరిగింది.

వలపలగిలక: గణం విరిగినచోట పదం విరగాలని ఎక్కడుంది? అదే పాదంలో "వల్ల, భుండ" అని విరగలేదా? నా ప్రశ్న వేరు. కండే అయితే "తెలుగు కండ" అనవచ్చు కదా. అదే నగణం, అదే గలం, అదే యతి. ఏ ఇబ్బందీ లేనిచోట కవి ఉకారాన్ని ఒకారంగా ఎందుకు మారుస్తాడు? యడాగమం సంగతికొస్తే, "ఒకండు"కు అవధారణార్థక అకారం, అంటే నొక్కి చెప్పే అకారం, చేరిందనుకోండి. అప్పుడది కళే, "యెల్ల"కు అడ్డేమీ లేదు.

అరసున్న: అలాగైతే "తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే" అని అర్థం వస్తుంది. దేశమంతా తెలుగు అని అదే నోటితో అన్నవాడు ఆ మాట అనడు. తెలుగొ అన్నది ఆశ్చర్యంతో వచ్చిన పలుకు: తెలుగో, అది కండ! బిగ్గరగా ఒకసారి చదివి చూడండి, ఆ ఊపు తెలుస్తుంది.

శ్రీనాథప్రియ: మీరు రెండో పాదం దగ్గరే ఆగిపోయారు. అసలు విశేషం నాలుగో పాదంలో ఉంది. "దేశభాషలందు తెలుగు లెస్స" రాయలకన్నా ముందే క్రీడాభిరామంలో ఉంది. ఆ గ్రంథం వినుకొండ వల్లభరాయని పేర ఉన్నా శ్రీనాథుడిదేనని వేటూరి ప్రభాకరశాస్త్రి గారు వాదించారు. నాకూ ఆ చేయే కనిపిస్తుంది. అక్కడ "జనని సంస్కృతంబు సకల భాషలకును" అని మొదలుపెట్టి, తల్లికన్నా ఆడుబిడ్డ సౌభాగ్యం మేలు కాదా అని ముగించాడు. రాయలు పాదం మాత్రం తీసుకుని తల్లిని పూర్తిగా వదిలేశాడు. అన్ని దేశాల రాజులూ నిన్ను కొలుస్తున్నారు, వాళ్లతో మాట్లాడి నీకే తెలియదా అని స్వామి అడుగుతున్నాడు. క్రీడాభిరామం వంశం చూపించి గెలిపించిన భాషను రాయలు ఇక్కడ కొలువులో నిలబెట్టి గెలిపించాడు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పటి నుంచి మనం మళ్లీ వంశవృక్షాలే లెక్కపెడుతున్నాం.

ఆటవెలది: కొలువు సరే, రాయలను పొలాల్లో చూడాలి. "తల బక్షచ్ఛట గ్రుక్కి" పద్యం ఒక్కటి చాలు. రెక్కల్లో తల దూర్చి కాలువల్లో బాతులు నిద్రపోతుంటాయి. వేకువన స్నానం చేసి వెళ్లిన బ్రాహ్మణులు మరిచిపోయిన పిండిన బట్టలేమో అనుకుని, వాళ్ల ఇళ్లకు చేరుద్దామని తలారులు రేవులోకి దిగుతారు. బాతులు లేచి పరుగెత్తుతాయి, వరిచేలు కాసే ఆడపిల్లలు పకపకా నవ్వుతారు. అంత పెద్ద సమాసాల నడుమ ఆ నవ్వు ఎంత తేటగా వినిపిస్తుందో!

శ్రీనాథప్రియ: పద్యం గొప్పదే. కానీ పల్నాటి మీద శ్రీనాథుడి పేర ఉన్న చాటువుల ముందు పెట్టి చూడండి. అక్కడ సమాసం సాయం కూడా అక్కర్లేదు.

పద్యపిపాసి: అయితే "యెల్ల" అని రాసుకుంటున్నాను. మరి ముందరి పదాన్ని కలిపి రాయాలా, విడదీయాలా?

వలపలగిలక: కలిపే రాయండి. తాటాకుల్లో పదాల మధ్య ఎడం ఉండదు. ఆ ఎడం అచ్చువేసినవాళ్లు పెట్టింది.

అరసున్న: ఎడం లేకపోయినా యకారం ఉంది కదా! దానికి మీరింకా సరైన సమాధానం చెప్పలేదు.

వలపలగిలక: మీరు ఒకారానికి చెప్పారా?