ఉప్పునీటి అక్వేరియం నిండా నాచు, టెస్టులో మాత్రం సున్నా

ప్రశ్న (విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు పెట్టి ఏడు నెలలైంది. రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, కొన్ని మెత్తటి పగడాలు ఉన్నాయి. రెండు నెలలుగా రాళ్ల నిండా పచ్చ నాచు జుట్టులా పెరుగుతోంది. ఇసుక మీదేమో ముదురు ఎరుపు జిగురు పొర. గీకేస్తే మూడో రోజుకల్లా మళ్లీ వచ్చేస్తోంది. షాపులో ఇచ్చిన మందు వేస్తే పోయినట్టే పోయి, పది రోజులకు ఇంకా ఎక్కువైంది. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ టెస్టులో సున్నా చూపిస్తున్నాయి. మరి ఈ నాచు దేన్ని తిని బతుకుతోంది? ఒక పగడం నాచు కింద పూర్తిగా ముడుచుకుపోయింది. మా అబ్బాయి స్కూల్ నుంచి రాగానే బ్యాగ్ కూడా దించకుండా అది తెరుచుకుందా అని చూస్తున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

సీతమ్మధార నుంచి

కంగారు పడకండి. ఇంక ఏ మందూ వేయకండి. ముందు కొన్ని సంగతులు చెప్పండి. ఆవిరైపోయిన నీటికి బదులు ఏ నీళ్లు పోస్తున్నారు, వాటి టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మొత్తం) ఎంత? ఉప్పునీళ్లు ఎక్కడివి? లైటు ఎన్ని గంటలు? తిండి ఏమిటి? ఆ పచ్చ నాచు ఒక పోగు తీసి, తెల్ల గిన్నెలో ఉప్పునీళ్లు పోసి అందులో వేసి చూడండి. దారంలా ఉందా, పక్షి ఈకలా రెండు వైపులా రెమ్మలున్నాయా? ఈకలా ఉంటే అది బ్రయాప్సిస్, దాని వైద్యం వేరు.

అడిగినవారు

దారంలానే ఉందండి. ఆవిరైన దానికి వంటింటి ఆర్‌ఓ నీళ్లు పోస్తాను, టీడీఎస్ 48. ఎండలు మొదలయ్యాక ట్యాంకు మీద ఫ్యాన్ పెట్టాను, రోజుకు 2 లీటర్లు తగ్గిపోతున్నాయి. ఉప్పునీళ్లు ఆర్కే బీచ్ నుంచి తెల్లవారుజామున క్యాన్లలో తెచ్చుకుంటాను. లైటు ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా. తూర్పు బాల్కనీ ఎండ కూడా కాసేపు పడుతుంది. ఫిషింగ్ హార్బర్‌లో కొన్న రొయ్యలు సన్నగా తరిగి ఫ్రీజర్‌లో పెట్టి, ఆ ముక్క అలాగే రోజుకు రెండుసార్లు వేస్తాను.

సీతమ్మధార నుంచి

ఇప్పుడు అర్థమైంది. సున్నా గురించి ముందు చెబుతాను, అందరూ అక్కడే మోసపోతారు. కిట్ కొలిచేది నీళ్లలో మిగిలిన దాన్ని మాత్రమే. రోజంతా వచ్చే నైట్రేట్‌నీ ఫాస్ఫేట్‌నీ ఆ నాచే లాగేసుకుంటోంది కాబట్టి మీకు సున్నా కనిపిస్తోంది. తిండి లేక కాదు, వచ్చిన తిండి వచ్చినట్టే అయిపోతోంది.

ఇక ఆర్‌ఓ సంగతి. ఆవిరయ్యేది నీరు ఒక్కటే. అందులో కరిగి ఉన్నదంతా ట్యాంకులోనే ఉండిపోతుంది. లెక్క వేసి చూడండి. మీరు పోసే నీళ్లలో లీటరుకు 5 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉందనుకుందాం. నెలకు 60 లీటర్లు పోస్తున్నారు, అంటే 300 మిల్లీగ్రాములు. మీ 200 లీటర్లలో అది లీటరుకు 1.5 చొప్పున ప్రతి నెలా పెరుగుతుంది. ఫాస్ఫేట్, సిలికేట్ కూడా ఇదే దారి. తాగే ఆర్‌ఓ మిషన్లలో చాలా వాటిలో రుచి కోసం కొంత మామూలు నీటినే మళ్లీ కలుపుతారు. టీడీఎస్ 48 అందుకే కావచ్చు. మెంబ్రేన్ (వడపోత పొర) నుంచి నేరుగా వచ్చే నీటిని పట్టి, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ గొట్టం గుండా పంపండి. మీటరు 0 చూపించాలి. 0 దాటి పెరగడం మొదలైతే రెజిన్ మార్చాలి.

లైటు 8 గంటలకు తగ్గించి, బాల్కనీ వైపు మందంగా ఒక కర్టెన్ వేయండి. రొయ్యల ముక్కను టీ వడకట్టులో వేసి మంచినీళ్లతో కడిగి, ఆ నీళ్లు పారబోసి వేయండి. రోజుకు ఒకసారి చాలు, రెండు నిమిషాల్లో తినేసేంత.

పెదవాల్తేరు నుంచి

సముద్రపు నీటి గురించి నేను చెబుతాను, ఏయూలో మెరైన్ బయాలజీ చదివాను. మన తీరం దగ్గర నీరు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మార్చి నుంచి మే దాకా నైరుతి గాలి తీరం వెంబడి వీస్తూ పైనీటిని తీరం నుంచి నడిసముద్రం వైపు నెడుతుంది. దాని చోట్లోకి అడుగు నుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. ఆ నీటి నిండా నైట్రేట్, ఫాస్ఫేట్ ఉంటాయి. చేపలకు అది పండగే కానీ మన ట్యాంకుకు కాదు. 1950ల్లోనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ గారు ఇక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండి దీన్ని అధ్యయనం చేశారు. ఇక అక్టోబరు, నవంబరుల్లో ప్రవాహం దక్షిణానికి తిరిగి, గంగ, మహానది తెచ్చిన మంచినీటిని మన దాకా మోసుకొస్తుంది. అప్పుడు ఉప్పు బాగా పడిపోతుంది. ట్యాంకుకు కావాల్సింది వెయ్యి పాళ్లకు 35 పాళ్ల ఉప్పు, సాంద్రతలో చెప్పాలంటే 1.025, 1.026. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూడకుండా ఒక్క క్యాను కూడా పోయకండి. వీటికి తోడు బీచ్ రోడ్డు పొడవునా ఊరి కాలువల నీళ్లు సముద్రంలో కలుస్తుంటాయి. వాన పడ్డాక వారం రోజులైనా ఆ నీళ్ల జోలికి పోవద్దు. నా మాట వింటే కొన్నాళ్లు ప్యాకెట్ సాల్ట్‌కు మారండి. 20 లీటర్లకు 700 గ్రాముల పైచిలుకు పడుతుంది. కల్లుప్పుతో సరిపెట్టుకోవచ్చని కొందరంటారు, అది దాదాపు అంతా సోడియం క్లోరైడే. పగడాలకు కావాల్సిన కాల్షియం, మెగ్నీషియం అందులో రావు.

గాజువాక నుంచి

ఎర్ర పొర గురించి ఒక్క మాటండి. అది నాచు కాదు, సయనోబ్యాక్టీరియా. అందుకని యాంటీబయాటిక్ వేయమని మీకూ ఎవరో చెబుతారు, దయచేసి వేయకండి. పోయినేడు నేను వేశాను. నురగతో మురికి తీసే స్కిమ్మరు ఆపమంటే ఆపాను. పొరంతా ఒకేసారి చచ్చి కుళ్లేసరికి నీళ్లలో ఆక్సిజన్ పడిపోయింది. తెల్లారి చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఐదేళ్లుగా పెంచుకున్న క్లౌన్ చేప పోయింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ పొర దుప్పటిలా లేస్తుంది కాబట్టి సన్న గొట్టంతో పీల్చేయండి. పచ్చ నాచుకు ఒక టూత్‌బ్రష్‌ను గొట్టం కొసకు రబ్బరు బ్యాండుతో కట్టండి. రుద్దుతుంటే ఊడిన పోగు వెంటనే బకెట్‌లోకి పోవాలి, లేకపోతే ప్రతి ముక్కా వేరే చోట చేరి మళ్లీ పెరుగుతుంది. వారానికి ఎలాగూ 20 లీటర్లు మార్చాలి కదా, ఆ నీళ్లు ఇలా తీయండి. వేవ్ మేకర్‌ను (నీళ్లను కదిలించే పంపును) కాస్త దించి ఇసుక మీదుగా కొట్టేలా తిప్పండి. నీళ్లు కదలని మూలల్లోనే ఈ పొర ముందు పుడుతుంది.

మధురవాడ నుంచి

మా ఏసీ నుంచి రోజుకో బకెట్ నీళ్లు వస్తాయి. మీటరులో 10 లోపే ఉంది. ఆవిరైన దానికి అవి పోయవచ్చా?

సీతమ్మధార నుంచి

వద్దండి. ఆ నీరు రాగి, అల్యూమినియం కాయిల్ మీద నుంచి కారుతుంది. రాగి కాస్త కలిసినా రొయ్యలు, నత్తలు, పగడాలు తట్టుకోలేవు. అంత కొంచెం రాగిని టీడీఎస్ మీటరు పట్టుకోలేదు.

మురళీనగర్ నుంచి

నాది గోధుమ రంగు జిగురు తీగలు, వాటి నిండా బుడగలు. రాత్రి మాయమై పొద్దున మళ్లీ వస్తాయి. నత్తలు చచ్చిపోతున్నాయి. నేను కూడా వారం వారం నీళ్లు మార్చాలా?

పెదవాల్తేరు నుంచి

ఆగండి, మీకు వేరే. డైనోఫ్లాజెల్లేట్లలా ఉన్నాయి. కాలేజీ మైక్రోస్కోపు దొరికితే ఒక చుక్క చూడండి, ఈదుతూ కనిపిస్తాయి. అవి నైట్రేట్, ఫాస్ఫేట్ నిజంగానే సున్నాకు పడిపోయిన ట్యాంకుల్లో ఎక్కువగా వస్తాయి. నీళ్లు మార్చడం ఆపి, ఫాస్ఫేట్ తీసే మందు ఉంటే బయటికి తీసేయండి. తిండి కాస్త పెంచండి. విడిగా ప్రశ్న వేయండి, వివరంగా రాస్తాను.

అడిగినవారు (ఆరు వారాల తర్వాత)

అందరికీ చెప్పాలని వచ్చాను. రెజిన్ పెట్టాక నీళ్లు 0 చూపిస్తున్నాయి. మొదటి రెండు వారాలు తేడా ఏమీ కనిపించక చాలా నీరసపడ్డాను, కానీ గాజువాక అక్క చెప్పినట్టు బ్రష్ గొట్టంతో ప్రతి ఆదివారం తీస్తూ వచ్చాను. ఎర్ర పొర నాలుగో వారానికి పోయింది. పచ్చ నాచు వెనక రాళ్ల మీద మాత్రం ఉంది. ఇప్పుడు టెస్టులో నైట్రేట్ 4, ఫాస్ఫేట్ 0.05 వస్తున్నాయి, సున్నా కాకపోయినా నాచు పెరగడం లేదు. మంగళవారం ఆ పగడం సగం తెరుచుకుంది. మా వాడు నన్ను ఆఫీసుకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. మిగిలిన నాచుకు నాచు తినే టర్బో నత్తలు పది వేద్దామనుకుంటున్నాను, సరేనా గురువు గారూ?

సీతమ్మధార నుంచి

చాలా సంతోషమండి. పది వద్దు, మూడు చాలు. నాచు అయిపోయాక పదింటికి తిండి దొరక్క చచ్చిపోతాయి, ఆ కుళ్లు మళ్లీ నాచుకే పోతుంది. తెచ్చిన రోజు సన్న ట్యూబుతో చుక్కచుక్కగా గంటసేపు మీ ట్యాంకు నీళ్లు కలిపి అప్పుడు వదలండి, ఉప్పులో తేడాను నత్తలు అస్సలు ఓర్చుకోలేవు. తలకిందులుగా పడితే కొన్నిసార్లు తిరగలేవు, అలా కనిపిస్తే చేత్తో తిప్పి రాయి మీద పెట్టండి.