అప్‌డేట్: స్నో బ్లోయర్‌లో ఆగర్ ఆగిపోవడానికి కారణం దొరికింది

తడి మంచులోకి వెళ్లగానే మంచు తొలగించే మా టూ స్టేజ్ స్నో బ్లోయర్‌లో ఆగర్ (ముందు మంచును లోపలికి లాగే స్క్రూ) ఆగిపోతోంది, ఇంజిన్, చక్రాలు మాత్రం బాగానే తిరుగుతున్నాయి అని ఇంతకుముందు అడిగాను కదా, సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

చాలామంది షియర్ పిన్ (ఆగర్ మీద ఎక్కువ భారం పడితే విరిగిపోయే చిన్న పిన్) విరిగిందేమో అన్నారు, అది కాదు. పిన్ విరిగితే ముందున్న ఆగర్ ఆగుతుంది గానీ వెనకనుంచి మంచును విసిరే ఇంపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది, మా దాంట్లో రెండూ ఆగేవి. "అయితే ఈ రెండింటినీ ఇంజిన్‌తో తిప్పే ఆగర్ బెల్ట్ జారుతోంది, ముందు ఆగర్ లివర్ నొక్కితే ఆ బెల్ట్‌ని బిగించే కేబుల్ బిగించి చూడండి" అన్నాయన మాటే నిజమైంది. బిగిస్తే కాస్త మెరుగైంది, బరువు పడగానే మళ్లీ అదే కథ. కవర్ విప్పి చూస్తే బెల్ట్ అంచులు అద్దంలా నున్నగా అయిపోయి ఉన్నాయి, ఒకచోట బీటలు కూడా. కొత్తది వేశాక కేబుల్‌ని మళ్లీ కొంచెం వదులు చేయాల్సి వచ్చింది, ఎందుకంటే లివర్ వదిలేసినా ఆగర్ మెల్లగా తిరుగుతూనే ఉంది, అది చాలా ప్రమాదం! ఇదంతా ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు తీసేశాకే చేయండి.

కార్బ్యురేటర్ క్లీనింగ్, స్కిడ్ షూల (ముందుభాగం నేల మీద జారడానికి పక్కన ఉండే పట్టీలు) ఎత్తు మార్చడం, వీటికీ దీనికీ సంబంధం లేదు. ఫ్రిక్షన్ డిస్క్ చక్రాలకు సంబంధించింది, దాని జోలికే వెళ్లలేదు.